ఇంధన ఘటములో కొత్త పొర

1965 ఆగస్టు నెలలో జెమినీ-5 అను అమెరికా నౌక ఇద్దరు వ్యోమగాములతో దాదాపు ఎనిమిది దినములు భూమిని చుట్టివచ్చినది. ఇంధన ఘటములతో విద్యుత్తును పుట్టించుకొన్న మొదటి అంతరిక్షనౌక అదియే. ఉదజని, ఆమ్లజని వాయువులు, అనగా హైడ్రోజన్, ఆక్సిజన్‌లు, ఆ ఘటములలో కలసి విద్యుత్తు నిచ్చి, చివరకు నీరుగా మారుచుండెను. నౌకలోనే నీరు తయారగుచుండినను వ్యోమగాములు దానిని త్రాగలేదు; భూమినుండి మోసికొనిపోయిన నీటినే త్రాగిరి. ఘటము నడుమ నున్న పలుచని పొర దీనికి కారణము. పాలీస్టైరీను జాతి పదార్థముతో చేసిన ఆ పొర పని చేయుకొలది శిథిలమై, దాని అంశములు నీటిలో కలియుచుండినవి.

అటుతరువాత ఆరు దశాబ్దములు గడచినవి. ఇంధన ఘటములపై ఉత్సాహము రేగినప్పుడెల్ల "కొత్త పొర కనుగొనబడినది, ఇక ఉదజని కార్లు చౌకగా వచ్చును" అను ప్రకటన వెలువడుచునే ఉన్నది. పాత పొరకన్న వాహకత రెట్టింపు, వెల సగము, వేడికి ఓర్పు ఎక్కువ అని అందులో చెప్పబడును. వార్త చదివిన విద్యార్థి తరగతిలో లేచి "అయితే పెట్రోలు బండ్లు పోవునా?" అని అడుగును. ఉపాధ్యాయుడు ఈయవలసిన సమాధానములో సగభాగము తొమ్మిది పది తరగతులలో చెప్పు ఓము నియమములోనే ఉన్నది. మిగిలిన సగము గడియారములోను, వేసవి ఎండలోను ఉన్నది.

ఇంధన ఘటము కట్టుబడి చూచుటకు సులభమైనదే. దాని మూలసూత్రమును విలియం గ్రోవు 1839లోనే చూపెను. ఒకవైపు ఉదజని, మరొకవైపు గాలి, నడుమ పొర. పొరకు ఇరుప్రక్కల సన్నని ప్లాటినపు నుసి పూసిన ఎలక్ట్రోడులు ఉండును. ఉదజని ప్లాటినముపై ప్రోటానులుగను, ఎలక్ట్రానులుగను విడిపోవును. ప్రోటానులు పొరగుండ అవతలికి దాటును. ఎలక్ట్రానులను పొర పోనీయదు. అవి బయటి తీగ వెంట చుట్టు తిరిగి, దారిలో మోటారును త్రిప్పి, అవతలి ప్రక్కకు చేరి ప్రోటానులతోను ఆమ్లజనితోను కలసి నీరగును. కావున పొర ప్రోటానులకు దారి ఈయవలెను, ఎలక్ట్రానులను ఆపవలెను, రెండు వాయువులను ఒకదానితో నొకటి కలియనీయరాదు. చెరువుకు అదియే తూము, అదియే గట్టు అన్నమాట. ఈ రెండు పనులును ఒకే వస్తువుతో చేయించుటలోనే చిక్కంతయు ఉన్నది.

ఘన పాలిమరు పొరను ఇంధన ఘటములో వాడవచ్చునని జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో థామస్ గ్రబ్ 1955లో చూపెను. లెనార్డ్ నీడ్రాక్ దానిపై ప్లాటినమును నిలుపు పద్ధతిని కనుగొనెను. జెమినీ నౌకకు ఎక్కినది ఈ ఘటమే. కాని పని జరుగునప్పుడు ఘటములో హైడ్రాక్సిల్ ప్రాతిపదికల వంటి తీవ్రమైన అంశములు పుట్టును. పాలీస్టైరీనులోని కార్బన్-ఉదజని బంధములను అవి కొరికివేయును. 1960ల చివర డ్యూపాంట్ సంస్థలో వాల్థర్ గ్రోట్ తయారుచేసిన నాఫియాను ఈ బాధను చాలవరకు తప్పించినది. దానికి వెన్నెముక టెఫ్లాను. కార్బన్-ఫ్లోరిన్ బంధము అంత త్వరగా తెగదు. వెన్నెముకనుండి వ్రేలాడు శాఖల కొనల సల్ఫోనిక్ ఆమ్ల సమూహము లుండును. ఇవి నీటిని పీల్చుకొని, పొరలో కంటికి కనబడని సన్నని నీటి కాలువలను ఏర్పరచును. ప్రోటానులు ఈ నీటిని పట్టుకొనియే నడచును. తడి ఉన్నంతసేపే దారి. పొర ఎండినచో, నీరింకిన ఏటిలో పడవవలె ప్రోటాను నిలిచిపోవును. అందువలననే ఈ ఘటములను 80 డిగ్రీల సెంటీగ్రేడు ప్రాంతమున నడపుచున్నారు.

అయితే ఈ పొర వాణిజ్యరంగమున నిలదొక్కుకొన్నది ఇంధన ఘటమును ఆశ్రయించి కాదు. ఈ సంగతి ప్రకటనలలో కనబడదు గాని చాల ముఖ్యమైనది. ఉప్పునీటిని విద్యుద్విశ్లేషణము చేసి క్లోరిను, కాస్టిక్ సోడా తీయు పరిశ్రమ నాఫియాను జాతి పొరలకు మొదటి పెద్ద గిరాకీ అయినది. అప్పటివరకు ఆ పరిశ్రమలో పాదరసపు ఘటములు విరివిగా వాడుకలో ఉండెను. జపానులో మినమాటా విషాదమునకు కారణమైన పాదరసము వేరొక రసాయన కర్మాగారమునుండి వచ్చినదే అయినను, ప్రజల ఆగ్రహము పాదరసము వాడు ప్రతి పరిశ్రమపైకి మళ్ళినది. 1970ల మధ్యనుండి అచ్చట పొరల ఘటములు రాసాగినవి. భారతదేశములో కూడ కాస్టిక్ సోడా పరిశ్రమ పాదరసమును విడిచి పొరలకే మారినది. అంతరిక్షము కొరకు వెదకిన పొరకు సబ్బుల కార్ఖానాకు సోడా పంపు చోట అన్నము దొరకినదన్నమాట. కొత్త వస్తువు ఎచ్చట అమ్ముడగునో దానిని కనుగొన్నవారికే తెలియకపోవుట విజ్ఞానచరిత్రలో వింత కాదు.

ఇక వాహకత మాట. బాగుగా తడిసిన నాఫియానును ఒక సెంటీమీటరు ఘనముగా కోసి కొలిచినచో దాని నిరోధము సుమారు 10 ఓములు. పొర మందమును సెంటీమీటరులలో తీసికొని 10తో హెచ్చించినచో, చదరపు సెంటీమీటరు పొర నిరోధము వచ్చును. ప్రయోగశాలలందు చిరకాలము వాడిన రకము పేరు నాఫియాను 117. చివరి 7 అనునది అంగుళములో వేయింట ఏడు వంతుల మందమును తెలుపును. అనగా సుమారు 0.018 సెంటీమీటరు. దాని నిరోధము 0.18 ఓము. చదరపు సెంటీమీటరుకు ఒక ఆంపియరు ప్రవహించునప్పుడు పొరలో పోవు వోల్టేజి 0.18. ఘటము ఇచ్చునది 0.65 వోల్టు ప్రాంతమే కనుక ఇది పెద్ద నష్టమే. ఈ పొరతో పోల్చి "మా పొర వాహకత రెట్టింపు" అన్నచో 0.09 వోల్టు మిగులును. వినుటకు బాగున్నది.

కాని నేటి కార్ల ఘటములలో ఉన్నది 117 రకము కాదు. చిల్లుల టెఫ్లాను వలను లోపల ఆధారముగా పెట్టి, అదే జాతి పదార్థమును 10 నుండి 20 మైక్రాన్ల మందమునకు పలుచన చేసినారు. తలవెంట్రుకకన్న ఇది ఎంతో సన్నము. 15 మైక్రాన్లనగా 0.0015 సెంటీమీటరు, నిరోధము 0.015 ఓము, నష్టము 0.015 వోల్టు. ఇచ్చట వాహకతను రెట్టింపు చేసినచో మిగులునది 0.0075 వోల్టు. అదే ఘటములో ఆమ్లజని ఎలక్ట్రోడువద్ద చర్య మందకొడిగా సాగుటచే పోవునది సుమారు 0.4 వోల్టు. సైద్ధాంతికముగా రావలసిన 1.23 వోల్టులలో సగమునకు దగ్గరగా మాయమగుట ప్రధానముగా ఆ ఎలక్ట్రోడు వలననే. పొర వాహకత ఎంత పెరిగినను ఈ నష్టము తగ్గదు. పాత మందపు పొరతో కొత్త పలుచని పొరను పోల్చి చూపు ప్రకటన అబద్ధము చెప్పుట లేదు; తనకు అనుకూలమైన ప్రత్యర్థిని ఎన్నుకొనుచున్నది, అంతే.

పలుచన చేయుటకును మేర కలదు. పొర సన్ననగుకొలది ఉదజని నేరుగా అవతలికి చొరబడును. ఇంధనము వృథా యగుటయే కాక, ఆ చోట తీవ్రమైన అంశములు మరింత పుట్టి పొరను తినును. బండి ఆగుచు, సాగుచు ఉండగా పొర తడియుచు, ఎండుచు, ఉబ్బుచు, ముడుచుకొనుచు ఉండును. ఎండలో వానలో పడియున్న మట్టిగోడవలె అది క్రమముగా బీటలువారును. సూదిమొన చిల్లు ఒకటి పడిన చాలు, ఆ ఘటము పని ముగిసినట్లే. కారులో ఇట్టి ఘటములు వందల సంఖ్యలో ఒకదాని ప్రక్క ఒకటి పేర్చబడి యుండును కనుక ఒకటి చెడిన వరుస యంతయు చెడును.

గడియారము మాట ఇచ్చటనే వచ్చును. కారు ఘటము 5,000 గంటలు, బస్సు ఘటము 25,000 గంటలు నడువవలెనని అమెరికా శక్తిశాఖ లక్ష్యములు పెట్టినది. పొరను త్వరగా పరీక్షించుటకు తడిపి ఎండబెట్టు ఆవృత్తులు 20,000 సార్లు, తీవ్ర రసాయన పరిస్థితిలో 500 గంటలు అని వేరుగా నియమించినది. కొత్త పొర ప్రకటనలో "వందల గంటలు స్థిరముగా పనిచేసినది" అను మాట తరచు కనబడును. 500 గంటలనగా ఇరువది యొక్క దినములు. కఠిన పరీక్షలో ఆ 500 గంటలు గడచినచో అది గొప్పయే. స్థిరమైన వేడిలో, స్థిరమైన తేమలో, ఒకే ప్రవాహమువద్ద గడచినచో, ఇంకను ఏమియు తెలియనట్లే. ఇల్లు అలకగానే పండుగ కాదు. ఏ పరిస్థితిలో ఎన్ని గంటలు అని వ్రాయని ప్రకటనను చదువుట మాని వేయవచ్చును.

గతమందలి అనుభవము కూడ ఈ జాగ్రత్తనే నేర్పుచున్నది. 1997లో జర్మనీ కారు సంస్థ డైమ్లర్-బెంజ్ కెనడాలోని బాలార్డ్ సంస్థతో చేయికలిపినప్పుడు 2004 నాటికి ఇంధన ఘటపు కార్లు అమ్మకమునకు వచ్చునని చెప్పుకొన్నారు. బాలార్డ్ వాటాల వెల 2000లో ఆకాశమునంటినది. 2004 వచ్చినది, కార్లు రాలేదు. కార్ల ఘటముల వ్యాపారమును డైమ్లర్, ఫోర్డు సంస్థలకు విడిచిపెట్టుటకు బాలార్డ్ 2007లో ఒప్పుకొన్నది. 2004లోనే కాలిఫోర్నియాలోని పాలీఫ్యూయెల్ అను చిన్న సంస్థ ఫ్లోరిను లేని పొరను ప్రకటించి, అది నాఫియాను జాతికన్న చౌక, వేడికి ఓర్చును, శక్తి ఎక్కువ ఇచ్చును అన్నది. ఆ పొరతో నడచు కారు విపణికి రాలేదు. 2014 డిసెంబరులో జపానులో 72,36,000 యెన్ల వెలతో అమ్మకమునకు వచ్చిన టయోటా మిరాయి కారులో ఉన్నది నాఫియాను దాయాదియే, గోర్ సంస్థ చేసిన పలుచని, ఆధారపు వల గల పొర.

మిరాయిలో పొర తన పని తాను చక్కగా చేసినది. అయినను ఆ కారు విరివిగా అమ్ముడగుట లేదు. కాలిఫోర్నియాలో కిలో ఉదజని వెల 2023లో కొన్నిచోట్ల 36 డాలర్ల వరకు ప్రాకినది. షెల్ సంస్థ అచ్చటి తన కార్ల ఉదజని బంకులను 2024 ఫిబ్రవరిలో మూసివేసినది. టాంకు నిండుటకు ఐదు కిలోలపైన కావలెను. ఈ లెక్కలో పొర ప్రసక్తియే లేదు.

వెల సంగతి కూడ ఇట్టిదే. కారుకు వంద కిలోవాట్ల శక్తి కావలెననుకొందురు. చదరపు సెంటీమీటరుకు ఒక వాటు చొప్పున లక్ష చదరపు సెంటీమీటరులు, అనగా పది చదరపు మీటరుల పొర చాలును. ప్రయోగశాలకు ముక్కలుగా కొన్నప్పుడు చదరపు మీటరు వందల డాలర్లు పలుకును. ఆ వెలకు కారుకు వేల డాలర్లగును. అదే పొరను కర్మాగారములో చాపచుట్టగా మైళ్ళకొలది తీసినచో చదరపు మీటరు 20 డాలర్లకు రావలెనని అమెరికా లక్ష్యము. అప్పుడు కారుకు 200 డాలర్లు. కొత్త పొర "సగము వెల" అన్నప్పుడు ఏ వెలలో సగము అని అడుగవలెను. ముక్కల వెలలో సగము పెద్ద మాటగా వినబడును; చుట్టల వెలలో సగమనగా కారుకు వంద డాలర్లు తగ్గుట, అంతకు మించి లేదు.

ఇంత చెప్పినను కొత్త పొరలు వ్యర్థమని అర్థము కాదు. ఎచ్చట కావలెనో అచ్చట ఇవి చాల అవసరము. పెట్రోలు యంత్రము తన వేడిలో మంచి భాగమును పొగగొట్టము గుండ బయటికి నెట్టివేయును. ఇంధన ఘటము వేడి దాదాపు అంతయు రేడియేటరు ద్వారానే పోవలెను. ఘటము 80 డిగ్రీలలో, బయటి గాలి 25 డిగ్రీలలో ఉన్నచో తేడా 55 డిగ్రీలు. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నము 45 డిగ్రీలున్నప్పుడు తేడా 35 మాత్రమే. బండి పెద్దది, బరువు ఎక్కువ, ఎత్తు ఎక్కుచున్నది అన్నచో రేడియేటరు బండి ముఖమంతయు ఆక్రమించినను చాలదు. 110 డిగ్రీలలో, తేమ తక్కువగా ఉన్నను పనిచేయు పొర దొరకినచో ఈ తేడా 65 అగును. రేడియేటరు సగమునకు దగ్గరగా తగ్గవచ్చును. చల్లని దేశములవారికన్న ఎండ దేశములవారికి ఈ పొర ఎక్కువ అవసరము. అందుచే వార్తలో "80 డిగ్రీలలో, నిండు తేమలో రెట్టింపు వాహకత" అను మాటకన్న "110 డిగ్రీలలో, తేమ 30 శాతమున పాత వాహకతయే" అను మాట ఎంతో విలువైనది. రెండవది చూచుటకు చప్పగా ఉండును గనుక పతాకశీర్షిక కాదు.

ఈ దిశలో పని జరుగుచున్నది. పాలీబెంజిమిడజోల్ అను పాలిమరులో ఫాస్ఫారిక్ ఆమ్లమును నానబెట్టిన పొరలు 160 డిగ్రీలలో నీరు లేకయే నడచును. మామూలు ఘటమునకు ఇచ్చు ఉదజనిలో కార్బన్ మోనాక్సైడు పది లక్షలలో 0.2 వంతును మించరాదని నియమము. ఈ వేడి ఘటము శాతము లెక్కలో ఉన్నను ఓర్చును. కాని ఫాస్ఫేటు అంటుకొనుటచే ప్లాటినము చురుకు తగ్గును, ఎక్కువ ప్లాటినము కావలెను; చల్లగా ఉన్నప్పుడు నీరు పేరుకొన్నచో ఆమ్లము కారిపోవును. ఉదయము తాళము త్రిప్పగానే కదలవలసిన కారుకు ఇది కుదరదు. ఎప్పుడును నడచు స్థిర యంత్రమునకు కుదురును. ప్రోటానుకు బదులు హైడ్రాక్సైడును దాటించు పొరలు మరొక తెగ. వీటితో ప్లాటినమునకు మారుగా చౌక లోహములు వాడవచ్చునను ఆశ నిజమైనదే. అయితే గాలిలోని కార్బన్ డయాక్సైడు హైడ్రాక్సైడుతో కలసి కార్బొనేటు చేయును, వేడిలో హైడ్రాక్సైడే పొరను విరుచును. సున్నపుతేటలోనికి గాలి ఊది తెల్లబారుట చూచిన ఏ విద్యార్థికైనను ఈ మొదటి చిక్కు తెలిసినదే.

ఫ్లోరిను లేని పొరలకు ఇటీవల మరియొక బలము వచ్చినది. అది వాటి గుణము వలన వచ్చినది కాదు. నేలలో, నీటిలో చిరకాలము చెడక నిలిచిపోవు ఫ్లోరిను పదార్థములను అరికట్టవలెనని ఐదు ఐరోపా దేశములు 2023 జనవరిలో ప్రతిపాదించినవి. అట్టి పదార్థముల తయారీని 2025 చివరికి మానివేతునని అమెరికా సంస్థ 3ఎం 2022 డిసెంబరులోనే ప్రకటించినది. నాఫియాను జాతి అంతయు ఈ ఫ్లోరిను కుటుంబములోనిదే. చెడకపోవుటయే దాని గొప్పతనము, అదియే దాని నేరము. కావున పాలీఫ్యూయెల్ నాడు చెప్పిన మాటను నేడు మరల చెప్పువారికి వెనుకటికన్న చెవియొగ్గువా రున్నారు. వారి పొర వేడినీటిలో ఉబ్బక, ఎండిన పెళుసుబారక నిలుచునా అను ప్రశ్న మాత్రము నాటిదే.

భారత ప్రభుత్వము 2023 జనవరి 4న జాతీయ హరిత ఉదజని మిషనును ఆమోదించినది. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉదజని లక్ష్యము. మొత్తము కేటాయింపు 19,744 కోట్ల రూపాయలు. ఇందు పొరకు నిజమైన గిరాకీ కారులో కాక, నీటిని విడగొట్టు విద్యుద్విశ్లేషణ యంత్రములో ఉండవచ్చును. అవి అన్నియు పొరతో నడచునవి కావు. పాత క్షారపు యంత్రములును ఉన్నవి. పొర గల యంత్రములో మాత్రము లెక్క తారుమారగును. అచ్చట ఉదజని ఒత్తిడిమీద పుట్టును. అది ఆమ్లజనిలోనికి జొరబడి నూటికి నాలుగు వంతులు చేరినచో ప్రేలుడు భయము. అందుచే ఇప్పటికిని 117 రకమువంటి మందపు పొరలు వాడుచున్నారు. చదరపు సెంటీమీటరుకు రెండు ఆంపియరులవద్ద 0.18 ఓము నిరోధములో పోవునది 0.36 వోల్టు, యంత్రము తీసికొనునది మొత్తము రెండు వోల్టులు. వాయువును ఆపుచునే 60 మైక్రాన్లకు పలుచనగు పొర దొరకినచో నష్టము 0.12కు దిగును. కిలో ఉదజనికి వోల్టుకు సుమారు 26.6 యూనిట్లు కావలెను గనుక, మిగిలిన 0.24 వోల్టు కిలోకు ఆరు యూనిట్లకు పైమాటే. లక్ష టన్నులకు అరువది కోట్ల యూనిట్లు. కారులో 0.0075 వోల్టు తెచ్చు కొత్త పొరకును, ఇచ్చట 0.24 వోల్టు తెచ్చు కొత్త పొరకును పత్రికలో శీర్షిక ఒకటే పడును.

ఆ మిషనులో ఉత్పత్తికి, యంత్రముల తయారీకి ప్రోత్సాహకములుగా 17,490 కోట్లు, ప్రయోగాత్మక పథకములకు 1,466 కోట్లు, పరిశోధనకు 400 కోట్లు కేటాయించిరి. నూటికి రెండు వంతులు పరిశోధనది. పొరను కాగితముమీద కనుగొనుటకు ఆ సొమ్ము చాలవచ్చును. దానిని పరీక్షాపీఠముమీద రేయింబవళ్ళు నడపి చెడునంతవరకు చూచుటకు చాలునా అనునది సందేహము. బస్సు ఘటమునకు నిర్ణయించిన 25,000 గంటలను విడువకుండ నడిపినను దాదాపు మూడేండ్లు పట్టును. డాక్టరేటు పట్టమునకు చేరిన విద్యార్థి కాలములో చాలభాగము ఒక్క పొర గడుపుటకే సరిపోవును. అతనికి ఆ మూడేండ్ల చివర లభించునది "ఈ పొర 18,000 గంటలకు చిల్లుపడినది" అను ఒక్క వాక్యము కావచ్చును. అట్టి వాక్యమును అచ్చువేయు పత్రిక, దానికి పట్టము నిచ్చు పరీక్షకులు ఎందరున్నారో చూచి, ఈ రంగమున ప్రకటనల విలువ కట్టవలసియున్నది.